పానకం గ్లాసు, క్లారినెట్టు

క్లారినెట్ వాయించేవాడు మంచి ఊపులో ఉండగా నేను లేచి వెళ్లి రికార్డు మీది ముల్లు ఎత్తేశాను. గదిలో కూర్చున్న పెద్దమనుషులంతా ఒక్కసారిగా కళ్లు తెరిచారు.

"ఏమైంది మామా?" అన్నాడు మా మేనల్లుడు శ్రీకాంతు.

ఇది పోయిన ఆదివారం నంద్యాలలో జరిగిన సంగతి. శ్రీకాంతు మా అక్క కొడుకు. వాళ్లది విత్తనాల వ్యాపారం. ఈ మధ్య అతనికి జాజ్ పిచ్చి పట్టుకుంది. తనలాంటి వర్తకుల్ని నలుగుర్ని పిలిచి, ఏసీ వేసి, కిటికీలు మూసి, నల్లటి పెద్ద రికార్డులు తిప్పుతుంటాడు. ఆ రోజుది ఈ కాలపు బిగ్ బ్యాండు ఒకటి ఏదో దూరదేశంలో జనం ముందు వాయిస్తుండగా పట్టిన సంగీతం. శాక్సఫోన్లు ఒక మాట అంటే బాకాలు అడ్డం తగిలేవి. వచ్చినవాళ్లలో ఒకాయన రికార్డు అట్టకు ఫోటో తీసి, పాట మొదలవకముందే "అద్భుతం" అని ఎవరికో పంపించాడు. ఇంకొకాయన తొడ మీద తాళం వేస్తున్నాడు, ఆ తాళానికీ పాటకూ ఏ సంబంధమూ లేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ సన్మాన సభల్లో ఈ ముఖాలను చూశాను. శాలువా కప్పించుకునేటప్పుడు కూడా వీళ్లు ఇలాగే కళ్లు మూసుకుంటారు.

నాకు మాత్రం ఆ కొత్త అట్ట వాసన ఆళ్లగడ్డలోని మా బట్టల అంగడిని గుర్తు చేసింది. ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు, గుడ్డ తాను విప్పినప్పుడల్లా గుప్పుమనే గంజి, గడప అవతల బనగానపల్లె మామిడిపండ్ల బుట్టలు, వంటింట్లో ఓళిగల పూర్ణానికి ఉడికే శనగబేడల ఆవిరి, వీటన్నిటి మీదుగా బియ్యం మిల్లు వెనక రేకుల కొట్టంలోంచి బ్యాండు మేళం సాధన. మేము పిల్లలం బొప్పాయి ఆకుల గొట్టాలు కోసుకొని ఆ పాటలే ఊదేవాళ్లం. మా చిన్నాయన అంగడి కట్టేసి నేరుగా ఆ కొట్టానికి పోయేవాడు. గజంబద్ద పట్టాల్సిన చేత్తో క్లారినెట్ పట్టుకుంటున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు, బయటికి తెలియనంతవరకు ఎవరికీ బాధ లేదు.

అక్క పెళ్లికి మగపెళ్లివారు నంద్యాల నుంచి బస్సులో వచ్చారు. ఎదురుకోలుకు మేళంతో ఊరి మొదట్లోకి వెళ్లి, వరుడి తండ్రికి పానకం ఇవ్వాలి. మేళం ఆగాకే ఆయన తాగాలి. ఆ రోజు క్లారినెట్ మనిషికి జ్వరం. చిన్నాయన పట్టుపంచెతోనే పోయి బ్యాండు వరుసలో నిలబడ్డాడు. పాట అయిపోయింది, బాకాలు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి, చిన్నాయన ఆగలేదు. ఒక్కడే, ఎవరినీ చూడకుండా, ఆ పాటనే పట్టుకొని ఎక్కడెక్కడికో పోయాడు. డ్రమ్ము మనిషి ఉండబట్టలేక అంచు మీద పుల్లతో మెల్లగా తట్టసాగాడు. పానకం గ్లాసుతో ఎండలో నిలబడ్డ వియ్యంకుడికి ఒళ్లు మండింది.

"ఏందప్పా ఇది? మేం వచ్చింది శెట్ల ఇంటికా, మేళగాళ్ల ఇంటికా? గుడ్డలమ్మేది మానేసి ఊదుకుంటాండారా?"

వాళ్ల బస్సంతా నవ్వింది. మా నాయన వెళ్లి చిన్నాయన నోట్లోంచి క్లారినెట్టు గుంజేశాడు. పెదవి చిట్లింది. "పెండ్లి చెడుతాదిరా, బేగా పో ఈడ్నుంచి!"

పెళ్లి చెడలేదు. వియ్యాలవారు పానకం తాగారు, ఓళిగల్లో నెయ్యి తక్కువని వంకలు పెట్టారు, అయినా ఇంకో రెండు వేయించుకున్నారు. చిన్నాయన మళ్లీ ఊదలేదు. ఇప్పటికీ ఆ అంగట్లోనే గుడ్డలు కొలుస్తున్నాడు.

ఆదివారం ఆ రికార్డులోనూ బాకాల దండంతా ఆగిపోయి ఒక్క క్లారినెట్ మిగిలింది. కింద ఎవరో అంచు మీద పుల్లతో తడుతున్నారు. "ఎంత ఫ్రీడమ్ చూడు మామా!" అని నిట్టూర్చాడు శ్రీకాంతు. అతని తల మీదుగా, గోడకు, గంధపు దండలో వాళ్ల నాయనకు నాయన, జేజినాయన ఫోటో. పానకం గ్లాసు పట్టుకున్న మనిషి ఆయనే. అప్పుడే నేను లేచింది.

జరిగింది చెప్పాను. "ఆ కాలం మనుషులు మరీ మోటండీ," అన్నాడు తొడ మీద తాళం వేసినాయన. పోయిన నెల ఈయన కూతురి పెళ్లికి ట్రాక్టరు మీద కట్టిన డీజే పెట్టెలకు వీధిలోని కిటికీలన్నీ అదిరాయి. శ్రీకాంతు మాత్రం ఫోటో వంక చూసి, "ఆ క్లారినెట్ తాతను వచ్చే ఆదివారం పిల్చుకొస్తావా మామా? మొదట్నుంచి వినిపిస్తా," అన్నాడు.

మరునాడు ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. అక్కడ ఇప్పుడు రేకుల కొట్టం లేదు, సెల్‌ఫోన్ల అంగడి ఉంది. బ్యాండు లేదు. ఎదురుకోలులో పానకం బదులు కూల్‌డ్రింకు సీసాలు పంచుతున్నారు. రికార్డు సంగతి, శ్రీకాంతు రమ్మన్న సంగతి చెబితే చిన్నాయన అంతా విన్నాడు.

"ఆయప్ప ఒక్కడే వాయిస్తాంటే మిగతావోళ్లు ఏం చేస్తాండారు?"

"వింటాండారు చిన్నాయనా. అయిపోయినాక జనం చప్పట్లు కొడతారంట."

"ఎవురూ ఆపలేదా?"

"ఆడ ఎవురూ ఆపలేదు."

నంద్యాలలో నేను ఆపిన సంగతి చెప్పలేదు. అవతల గుడ్డ తాను విప్పిన చప్పుడు, ఎవరో ధర అడిగిన గొంతు వినబడ్డాయి, ఫోను పెట్టేశాడు. రేపు ఆదివారం. ఇంతవరకు కబురు లేదు.