వంటింటి గోడ మీది నర్సింగ్

ఒక గల్ఫ్ నగరంలో, అల్ సద్ పేట‌లో క్లినిక్కుల వెనక సందులో ఒక పాత ఇల్లుంది. నలభై ఏళ్ళుగా అది కళాకారుల క్లబ్బు. చిత్రకారులు, ఊద్ వాయించేవాళ్ళు, కవిత్వం చెప్పేవాళ్ళు సాయంత్రం పూట చేరి కాఫీ తాగుతూ ఒకరినొకరు తిట్టుకునే చోటు. సభ్యుడు కానివాడు, సభ్యుడి తమ్ముడైనా సరే, గడప దాటకూడదని కట్టడి. పైన పటారం, లోన లొటారం. అంత గొప్పవాళ్ళు కూర్చునే ఇంట్లో కారుతున్న కుళాయిని బాగుచేయించే నాథుడు లేడు. ఆ కుళాయి కింద గ్లాసులు కడుగుతూ సగం జీవితం గడిపినవాడు ఆర్మూరు పక్క పల్లె నుంచి వచ్చిన నర్సింగ్.

వచ్చిన కొత్తలో నర్సింగ్‌కి ఇక్కడి కాఫీ మర్యాద తెలియదు. ఇక చాలనుకున్నవాడు ఖాళీ కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపుతాడు. ఇంకా పొయ్యమంటున్నాడనుకున్నాడు నర్సింగ్. ఊపినకొద్దీ పోశాడు. ఆ రోజు ఊపినవాడు సభ్యుల్లోనే ఒక పెద్దమనిషి. పోసింది వదిలేస్తే బాగుండదని తాగాడు, మళ్ళీ ఊపాడు, మళ్ళీ తాగాడు. గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళలో ఒక చిత్రకారుడు ఆ నవ్వుతోనే వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కనున్న బొగ్గుముక్క తీసుకుని గోడ మీద గాడిదను గీశాడు. గాడిదకు నర్సింగ్ మీసం, నర్సింగ్ కళ్ళు, మెడకు వేలాడే కాఫీ కూజా. చచ్చిపోయాక ఆ చిత్రకారుడి పేరు దేశదేశాలు పాకింది. గాడిద చెరిగిపోకుండా మీద అద్దం బిగించారు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నర్సింగ్ ఆడింది అబద్ధం కూడా కాదు. "పెద్ద ఆర్టిస్టు నా బొమ్మ గోడ మీద గీసిండు" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు, అంతే. మిగతాది ఊరు చూసుకుంది. 'దుబాయ్‌ల మన నర్సింగు బొమ్మ పెట్టిండ్రట' అని కల్లు దుకాణం దాకా పాకింది. ఊరికి గల్ఫంతా దుబాయే. ఫోటో పంపమంటే, లోపల ఫోన్లు నిషేధమన్నాడు. కొన్నేళ్ళకు భార్య గంగామణి కూడా అదే నగరంలో ఐన్ ఖాలిద్‌లో ఒకరింట్లో పనికి వచ్చింది. కలిసిన ప్రతి శుక్రవారం బొమ్మ చూపించమని సతాయించేది. ఆడవాళ్ళను రానివ్వరని తప్పించుకునేవాడు. అదీ నిజమే, మొన్నమొన్నటి దాకా.

సభ్యులు ముసలివాళ్ళయ్యారు, కొందరు పోయారు. ఇల్లు నడవడానికి టికెట్ పెట్టి జనానికి చూపించడం మొదలుపెట్టారు. చూపించేవాడు మేనేజర్ రఫీయుద్దీన్, హైదరాబాదీ. మర్యాదంతా టికెట్ కొన్నవాళ్ళకి, నోరంతా నర్సింగ్ మీద.

ఒకరోజు గంగామణి ఫోన్ చేసింది. "శనివారం మా మేడమ్ మీ క్లబ్బు చూడనీకి వస్తున్నది. పిల్లనెత్తుకోనీకి నన్నుగూడ తీస్కస్తదట. ఇగ నీ బొమ్మ చూడకుండ ఎవలాపుతరు?"

ఆమె గొంతులో అంత సంబరం నర్సింగ్ ఈ మధ్య విన్లేదు. ఆ సంబరానికే వాడికి ముచ్చెమటలు పట్టాయి. ఊరు ఏమనుకున్నా సరే, గంగామణి కళ్ళ ముందు గాడిద కాకూడదు. సిగ్గు చంపుకుని రఫీయుద్దీన్ దగ్గరికి వెళ్ళాడు.

"సాబ్, శనివారం ఒక్కదినం వంటింట్లకు తీస్కరాకు. నా పెండ్లాం వస్తున్నది."

"అరె మియా, జనం వచ్చేదే గాడిద కోసం. కిచెన్ లేదంటే టూర్ మాఫీ, టూర్ మాఫీ అంటే నీ నౌకరీ మాఫీ. సమజైందా?" అని రఫీయుద్దీన్ పళ్ళికిలించాడు. "బీవీ వస్తున్నదా? మంచిగాయె. ముందట నిలబెట్టి చూపిస్త."

పాము కూడా పగబట్టాకే కాటేస్తుందంటారు. వీడికి ఆ మాత్రం కారణం కూడా అక్కర్లేదు.

శనివారం నర్సింగ్ ఒంటరిగా ఫ్రిజ్‌ను ఈడ్చుకొచ్చి గాడిదకు అడ్డం పెట్టాడు. జనం ఊద్‌లున్న గది చూసి, పటాలున్న గది చూసి, వంటింట్లోకి వచ్చారు. రఫీయుద్దీన్ ఫ్రిజ్‌ను చూశాడు, నర్సింగ్‌ను చూశాడు. "యల్లా, జల్ది జరుపు" అన్నాడు. నర్సింగ్ కదల్లేదు. "జరుపుతవా, సామాను సదురుకుంటవా?" అని చెవిలో అన్నాడు. పెట్టిన చేతులతోనే నర్సింగ్ జరిపాడు. ఆ క్షణాన వాడికి రఫీయుద్దీన్ మీద కంటే తన చేతుల మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

రఫీయుద్దీన్ ఇంగ్లీషులో కప్పు ఊపిన కథంతా ఊపి ఊపి చెప్పాడు. నర్సింగ్ చేతికి కూజా ఇచ్చి గాడిద పక్కన నిలబెట్టాడు. ఇక నవ్వులే నవ్వులు. ఫోన్లు లేచాయి. నర్సింగ్ కూడా పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అందరికన్నా ఎక్కువ నవ్విన మేడమ్ వెనక్కి తిరిగి, చూడు, అదే మొహం, అని గంగామణికి గోడనూ మనిషినీ చూపించింది.

గంగామణి చంకలో పిల్లతో ముందుకు వచ్చింది. గాడిదను చాలాసేపు చూసింది. నర్సింగ్ మనసులో ఒకటే మొక్కుకున్నాడు: ఇది నన్నెరగనట్టు ఉంటే చాలు, వచ్చిన దారినే పోతే చాలు.

ఆమె మేడమ్ వైపు తిరిగింది. పనిచేసే ఇంట్లో నేర్చుకున్న అరబ్బీ ముక్కల్లోనే, గట్టిగా, "హాదా రజ్జాల్ మాల్ అనా" అంది. ఈయన నా మొగుడు అని.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. ఫోన్లు దిగాయి. అరబ్బీ తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు గుసగుసగా చెప్పారు. రఫీయుద్దీన్ కూడా యల్లా అనడం మరిచిపోయాడు.

గంగామణి మొగుడి ఎదుటికి వచ్చి నిలబడింది. కళ్ళలో నీళ్ళు లేవు, మంట ఉంది.

"గాడిదను గీసినోడు సచ్చిండు, వాన్ని ఇడిసిపెట్టు. గీళ్ళందరు గూడ నవ్వుడు ఆపిండ్రు" అంది. "నువ్వెందుకు ఇంకా నవ్వుతున్నవ్?"

నర్సింగ్ చెయ్యెత్తి మూతి తడుముకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.