ముక్కు మూసి పోసిన గంజి

మా మేనత్తను పేటంతా దేవత అనేది. ఆ దేవతకు నేను ఏనాడూ మనసారా దణ్ణం పెట్టలేదు.

యుద్ధం రోజులు. అమ్మ పురిటికి ఉయ్యూరులో పుట్టింటికి వెళ్ళింది. బెజవాడలో మా నేత ఇంట్లో మిగిలింది నాన్న, మేనత్త, పదేళ్ళ నేను, ఐదేళ్ళ తమ్ముడు. అప్పుడే తమ్ముడికి కంఠసర్పి వచ్చింది. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు అది. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి బతికించాడు. ఇంటికి పంపేటప్పుడు నా ఎదుటే మేనత్తతో చెప్పాడు.

"గొంతు తగ్గిందని ఊరుకోకండమ్మా. ఈ జబ్బు విషం నరాలకు ఎక్కుతుంది. కొన్ని వారాలు పోయాక మింగుడు పడకపోతే వెంటనే తీసుకురండి. బలవంతాన ఏదీ పొయ్యొద్దు."

"ఆయనకేం, చెబుతాడు. ఇంతమంది పిల్లల్ని పెంచినదాన్ని, నాకు తెలీదూ?" అంది మేనత్త, జట్కా ఎక్కుతూ. తెలియనిది ఇంకొకర్ని అడిగే గుణం ఆవిడకు పుట్టుకతోనే లేదు.

మూడో వారంలో తమ్ముడి మాట ముక్కులోంచి రావడం మొదలైంది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి కారిపోయేవి. "వేషాలు! జబ్బు చేసిందని ముద్దు చేస్తే నెత్తికెక్కాడు" అని మేనత్త మొట్టికాయ వేసింది. నేనూ వాడి మాటను వెక్కిరించాను. తీరా భయమేసి నాన్నకు డాక్టరు మాట గుర్తుచేస్తే, మగ్గం ఆపకుండానే "అత్త చూసుకుంటుందిలే" అన్నాడు. ఆయన మీదా నాకు కోపమే.

రెండు రోజులు వాడి కడుపులోకి ఏమీ పోలేదు. మూడో రోజు పొద్దున మేనత్త కాళ్ళు చాపుకుని, ఆముదం పోసేటప్పటిలాగే వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టుకుంది. గంజి ముక్కులోంచి రాకుండా ముక్కు మూసింది. ఏం తెలివి!

"వాడి కాళ్ళు పట్టుకోవే" అంది నాతో.

"వద్దత్తా, డాక్టరుగారు..."

"పట్టుకోమన్నానా!"

పట్టుకున్నాను. గిన్నెడు గంజీ పోసింది. వాడు తన్నుకుంటుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి తన్నుకోవడం మానేశాడు.

అమ్మ పచ్చి బాలింతరాలు, పసిగుడ్డును ఎత్తుకుని వచ్చింది. "జబ్బు తిరగబెట్టిందే తల్లీ, మన చేతుల్లో ఏముంది!" అని మేనత్త అందరికంటే పెద్దగా ఏడ్చింది. ఈవిడ నోరు పడిపోను అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే కాళ్ళ సంగతీ చెప్పాలి. నేను నోరు మెదపలేదు.

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"నువ్వన్నా చివరిదాకా వాణ్ణి అంటిపెట్టుకునున్నావు. అదే చాలమ్మా" అంది.