గుండీలత్త కుట్టిన చంద్రుడు

ఆమెకు గుండీలత్త అని పేరు పెట్టింది చూపులేని పిల్లల బడిలోని పిల్లలు. భర్త పోయాక మూడేళ్ళుగా ఆ బడి యూనిఫారాలు, దుప్పట్ల అంచులు, దిండు గలీబులు ఆమే కుడుతోంది. ఆయన ఉన్నన్నాళ్ళూ కత్తెర ఆయనది, మిషను ఆమెది. ఆయన వెళ్ళిపోయాక కత్తెర కూడా ఆమె చేతికే వచ్చింది.

బడిలో సైన్సు చెప్పే మనిషి మానేస్తే ఆ పాఠాలు కూడా పాటల టీచరు నెత్తినే పడ్డాయి. "వదినా, గ్రహాలంటే వీళ్ళ చేతికి అందాలి. నేను పాడితే అందవు కదా" అని ఆవిడ ఒకరోజు తల పట్టుకుంది. గుండీలత్త ఇంటికెళ్ళి గుండీల డబ్బా బోర్లించింది. పొడుగాటి గుడ్డకు ఒక చివర పళ్ళెమంత సూర్యుడిని కుట్టింది. ఆ పక్కన చొక్కా కాలరు గుండీ బుధుడు. కాస్త పెద్దవి శుక్రుడు, భూమి. మళ్ళీ చిన్నది కుజుడు. చలికోటు గుండీ గురుడు. శని చుట్టూ దారం చుట్టిన తీగ. చివర యురేనస్, నెప్ట్యూన్.

"అసలైతే ఇవి ఇంత దగ్గరగా ఉండవమ్మా. సూర్యుడు ఈ పళ్ళెమంతే అయితే నెప్ట్యూన్‌ని నాలుగు వీధులవతల పెట్టాలి" అంది టీచరు.

"అంత గుడ్డ మన అత్త దగ్గరుండదులెండి" అంది ఒక పిల్ల. అందరూ గొల్లున నవ్వారు.

ఆ పిల్లను బడంతా లాయరు అంటారు. పన్నెండేళ్ళుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా వదలదు. వేళ్ళతో ఒక్కసారి తడిమిందంటే ఇక మరిచిపోదు.

గ్రహాలయ్యాక చంద్రుడి వంతు వచ్చింది. అమావాస్య నుంచి నెలవంక, సగం, ముప్పావు, పున్నమి, మళ్ళీ తరుగుతూ అమావాస్య దాకా. టీచరు పుస్తకంలోంచి ఎనిమిది బొమ్మలు గీసి, అంకెలు వేసి ఇచ్చింది. గుండీలత్త నల్ల ముఖమల్ గుడ్డతో ఎనిమిది బిళ్ళలు కత్తిరించింది. చీకటి భాగం మెత్తగా ముఖమల్. వెలుగు భాగం గరుకుగా తువ్వాలు గుడ్డ. ముఖమల్ మంచివైపు సుద్దగీత పడితే ఒక పట్టాన పోదు. అందుకని ఆయన నేర్పినట్టే, బొమ్మను బిళ్ళ తిరగవైపు గీసి, ఆ గీత వెంట దారం నడిపి, ముందువైపు కనిపించే ఆ దారం గుర్తును బట్టి తువ్వాలు గుడ్డ అతికించింది. అంకెల ప్రకారం ఒక పెద్ద గుడ్డ మీద వరసగా కుట్టేసింది. టీచరు అంకెలు సరిచూసుకుని, "చక్కగా కుదిరింది వదినా" అంది.

రెండు నెలలకు, చూపున్న పిల్లల పెద్ద బడిలో పోటీలు పెట్టారు. లాయరును తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక టీచరు ముఖం చూసి గుండీలత్త సంగతేమిటని అడిగింది.

"ఏం చెప్పను వదినా. ఉబ్బెత్తు బొమ్మ ఒకటి చేతికిచ్చి, ఈ సగం చంద్రుడు పెరిగేవాడా తరిగేవాడా అన్నారు. ఇది తరిగేవాడని ఠక్కున చెప్పింది. తప్పన్నారు. అది ఊరుకుంటుందా? నా వేళ్ళు తప్పు చెప్పవండీ అని జడ్జీతోనే వాదన. చంద్రుడికి సొంత వెలుగు లేదు తల్లీ, సూర్యుడి వైపున్న సగమే వెలుగుతుంది, పెరిగే చంద్రుడు సాయంత్రం పూట కుడివైపు వెలుగుతూ కనిపిస్తాడు అని పాపం ఆయన నెమ్మదిగానే చెప్పాడు. వెనకనుంచి ఎవడో, చూపులేనివాళ్ళకి చందమామ గొడవెందుకురా అన్నాడు. హాలంతా నవ్వు."

"పిల్లేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. అదే నాకు భయంగా ఉంది. బ్రెయిలీ పుస్తకం కూడా ముట్టుకోవట్లేదు. నా వేళ్ళు పనికిరావు టీచర్ అంటోంది."

గుండీలత్త అయ్యో అనుకుంది. అంతకుమించి ఏమీ తట్టలేదు.

నాలుగు రోజుల తరవాత సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. సూర్యుడు అప్పుడే దిగాడు. తలెత్తితే సగం చంద్రుడు. ముప్పై ఏళ్ళుగా సూది బెజ్జం తప్ప ఇంకో వెలుగు చూడని మనిషి, పిల్ల గుర్తొచ్చి ఆగి చూసింది. సూర్యుడు దిగిన దిక్కు ఆమె కుడిచేతి వైపుంది. చంద్రుడిలో వెలుగు కూడా ఆ వైపే ఉంది. తను కుట్టిన మూడో బిళ్ళలో తువ్వాలు గుడ్డ ఏ వైపుంది? మిషను ముందు కూర్చుని అతికించిన తీరు చేతులకు గుర్తొచ్చింది. ఎడమవైపు.

తిరగవైపు గీసి ముందువైపు కుట్టింది. చొక్కాకైతే కుడి ముక్కా ఎడమ ముక్కా రెండూ ఉంటాయి, ఎటు గీసినా జతకు జత సరిపోతుంది. చంద్రుడికి జత లేదు. పెరిగేవాడు తరిగేవాడయ్యాడు, తరిగేవాడు పెరిగేవాడయ్యాడు.

'ఆయన నేర్పిన పద్ధతే కదా' అని ముందు అనుకుంది. అనుకున్న మరుక్షణమే, పోయిన మనిషి మీదికి నెట్టేస్తున్నానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

నిజం చెప్పడానికి మనసు రాలేదు. మర్నాడు బడికెళ్ళి, "చంద్రుడి గుడ్డ అంచు ఊడుతోంది టీచరమ్మా, బాగుచేసి తెస్తాను" అని పట్టుకొచ్చింది. తలుపు గడియ పెట్టుకుని, బ్లేడుతో కుట్లు విప్పి, ఆరు బిళ్ళలూ సరైన వైపుకు మార్చి కుట్టింది. అమావాస్యకూ పున్నమికీ మార్పు అక్కర్లేదు. పొద్దున్నే తీసుకెళ్ళి గోడకు తగిలించింది. గండం గడిచిందనుకుంది.

టీచరు బతిమాలితే లాయరు విసుగ్గా లేచొచ్చి గుడ్డ మీద చెయ్యి వేసింది. మూడో బిళ్ళ దగ్గర ఆగిపోయింది.

"ఇది మారింది."

"అదే గుడ్డమ్మా. అత్త అంచు కుట్టి తెచ్చిందంతే" అంది టీచరు.

"కాదు. గరుకు ఈ వైపుండేది. ఇదిగో, ఇక్కడ సూది బెజ్జాలున్నాయి, వరసగా. కుట్టి విప్పారు." గోటితో ముఖమల్‌ని గీకి చూపించింది. తరవాత మొహం ఇటు తిప్పింది. "అత్తా, నువ్వున్నావు కదా ఇక్కడ? నీ చెప్పుల చప్పుడు విన్నాను. మార్చావా?"

గుండీలత్త ఒక అడుగు వెనక్కి వేసింది. "లేదమ్మా. ముఖమల్ కదా... నలిగితే అలాగే తగులుతుంది."

లాయరు ఇంకేమీ అడగలేదు. రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టేసుకుని వెళ్ళి కూర్చుంది.

గుండీలత్తకు ఇంటికెలా వచ్చిందో తెలియలేదు. కుట్టు తప్పడం సరే, ఎవరికైనా తప్పుతుంది. ఆ పిల్లకు కళ్ళంటే వేళ్ళే. నీ వేళ్ళు అబద్ధం చెబుతున్నాయని తన నోటితో తనే చెప్పింది. హాల్లో నవ్వినవాళ్ళు నయం, వాళ్ళకు తెలియక నవ్వారు. అద్దం ముందుకు వెళ్ళడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ నిలబడింది. చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ, "నేనే తిప్పి కుట్టాను. మొదట తెలియక. తరవాత తెలిసి, ఎవరికీ చెప్పకుండా మార్చాను. నీ వేళ్ళు రెండుసార్లూ నిజమే చెప్పాయి తల్లీ" అంది.

టీచరు గబగబా పుస్తకం తీసి బొమ్మలను గుడ్డతో పోల్చుకుంది. తను కూడా అంకెలే చూసి వదిలేసింది మరి.

"మొదటిసారి తెలియదు సరే. నిన్న నేనడిగినప్పుడు తెలుసు కదా?" అంది లాయరు.

"తెలుసు."

"మరెందుకు లేదన్నావు?"

"సిగ్గేసింది."

"ఆ బడికొచ్చి చెప్తావా? నవ్వినవాళ్ళందరికీ?"

గుండీలత్త వెళ్ళింది. అయిదారొందల మంది పిల్లల ముందు, మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక, సగం మాటలు వినబడీ వినబడకుండా, తన తిరగవైపు గీత సంగతంతా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. అక్కడి హెడ్మాస్టరు పెద్దమనిషి, "పర్వాలేదమ్మా, పొరపాట్లు సహజం" అన్నాడు.

"పర్వాలేదని మీరంటే ఎలాగండీ? అనాల్సింది నేను" అంది లాయరు.

ఆయన ఖంగుతిన్నాడు. గుండీలత్త తల వంచుకుని ఎదురుచూసింది. లాయరు అనలేదు.

ఇప్పటికీ అనలేదు. పుస్తకాలు మాత్రం మళ్ళీ ముట్టుకుంటోంది. గుండీలత్త బడికి ఏది కుట్టుకొచ్చినా, చివరికి దిండు గలీబైనా సరే, ముందు లాయరు బల్ల మీద పెట్టి పక్కన నిలబడుతుంది. ఆ పిల్ల నాలుగంచులూ తడుముతుంది. మొన్న ఒక గలీబు వెనక్కి నెట్టింది.

"మూలన రెండు కుట్లు తప్పాయి."

"అవునమ్మా, తప్పాయి" అని గుండీలత్త అక్కడే నేల మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది.