మా వదిన మూలమట్టం

మా వదినకు వర్క్‌షాపులో పెట్టిన పేరు వెలుతురమ్మ. పేరు విని, నలుగురి జీవితాల్లో దీపాలు వెలిగించే చల్లని తల్లి అనుకునేరు. అంత లేదు. లోకంలో అందరికీ వెలుతురు కనిపిస్తే సంతోషం, ఈవిడకు మాత్రం ఒళ్లు మంట. నేర్చుకునే పిల్లలు ఆకురాయితో అరగదీసి తెచ్చిన ఉక్కుముక్కకు ఎల్ అక్షరంలా ఉండే మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తుంది. ముక్క మూల సరిగ్గా తొంభై డిగ్రీలుంటే మూలమట్టం దానికి అతుక్కుపోతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. “వెలుతురుంది” అందంటే ఆ ముక్క పక్కకు పోయినట్టే. “వెలుతురు లేదు” అందంటే గట్టెక్కినట్టు. ఇరవయ్యారేళ్లుగా ఆవిడ నోటి వెంట వచ్చిన మెచ్చుకోలంతా ఆ రెండు మాటలే.

నేను ఆవిడ ఆడపడుచుని. మేడ మీద అన్నయ్యా వదినా, కింద మేము. యూనివర్సిటీలో అడ్మిషన్ల కౌంటర్ దగ్గర పందొమ్మిదేళ్లుగా గుమాస్తాని. నా కౌంటర్లో కొట్టివేతలున్న ఫారం, గీతలున్న ఫారం తీసుకోను. ఎంత పెద్దవాళ్ల పిల్లలైనా సరే, కొత్త ఫారం నింపుకుని రావాల్సిందే. అందుకని వదిన నన్ను కౌంటరమ్మ అంటుంది. మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చిందంటే మా ఆయన వెంటనే లేచి, బాగానే ఉన్న కుళాయిని రిపేరు చేయడం మొదలుపెడతాడు.

వదిన పదిహేడో ఏట ఆ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరింది. నలభై మంది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. మొదటి నెలంతా ఒక్కడూ పలకరించలేదట. రెండో నెల నుంచి వాళ్ల ముక్కలు సరిచేసి పెట్టమని వెనక పడ్డారట. నేర్పిన మేస్త్రి రిటైరయిన రోజున తన సొంత మూలమట్టం తీసి ఈవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని రోజూ ఇంటికి తెచ్చుకుంటుంది. వర్క్‌షాపులో మిగతా మూలమట్టాలన్నీ ప్రతి సోమవారం కొలతల గదికి వెళ్లాలి. అక్కడ వాటికి తేడా వచ్చిందేమో చూస్తారు. వదిన మూలమట్టం మాత్రం వెళ్లదు. వెళ్లక్కర్లేదని ఎక్కడా రాసిలేదు. వెలుతురమ్మ మూలమట్టాన్ని పరీక్షకు పంపమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఆవిడకూ ఆ ఆలోచన రాలేదు.

ఇప్పుడు నా కూతురి సంగతి. ఈ ఏడు స్కూల్లో పన్నెండో తరగతి పూర్తిచేసింది. మా యూనివర్సిటీలోనే లెక్కల డిగ్రీకి సీటొచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని మా ఆఫీసులో గది గదికీ తిరిగాను, సిగ్గు లేకుండా ఒకటికి రెండుసార్లు చూపించాను. ఇంటికొచ్చి చూద్దును కదా, పిల్ల గోళ్ల నిండా ఇనప రజను. స్కూలు ముగించిన వాళ్లను పిలిచి వదిన వర్క్‌షాపు చూపిస్తుంటే వెళ్లి వచ్చిందట. అక్కడే అప్రెంటిస్‌గా చేరతానంది.

“వారానికి నాలుగు రోజులు పనమ్మా, ఒక రోజు కాలేజీ” అంది. “మూడేళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు. అప్పుడు కావాలంటే ఇంజనీరింగ్ రెండో ఏడులో నేరుగా చేరొచ్చు. దారేం మూసుకుపోదు.”

“తిన్నని దారి ఎదురుగా ఉంటే చుట్టూ తిరిగి రావడం దేనికే?”

“నాకు లెక్క కాగితం మీదే ఆగిపోతే సరిపోవట్లేదమ్మా. చేత్తో చేసి చూడాలనుంది.”

ఈ మాటలు పిల్లవి కావనుకున్నాను. ఆదివారం కూడా ఆ చేతిసంచి భుజాన వేసుకునే వదిన కిందికి రాగానే అందుకున్నాను.

“నా కూతురికి నువ్వే నూరిపోశావు కదూ?”

“నేనేం నూరలేదు కౌంటరమ్మా. అడిగింది, చెప్పాను. చేతులు బొబ్బలెక్కుతాయని కూడా చెప్పాను.”

“పందొమ్మిదేళ్లు ఊరందరి పిల్లలనీ యూనివర్సిటీలో చేర్పించాను వదినా. నా పిల్లని ఇనుము అరగదీయడానికి పంపుతానా?”

“నేను ఇరవయ్యారేళ్లుగా అదే అరగదీస్తున్నాను” అని వదిన చేతులు కడుక్కోవడానికి లేచింది. ఆవిడ అలా పెరట్లోకి వెళ్లగానే నా కోపం పోయి ఆవిడ చేతిసంచి మీద పడింది. భోజనాల బల్ల మీద ఇది దేనికి అడ్డం అంటూ ఒక్క తోపు తోశాను. సంచి రాతినేల మీద పడి ఠంగుమంది. గబగబా తీసి కుర్చీలో పెట్టేశాను. ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు.

చివరికి అమ్మాయే ఒప్పందం కుదిర్చింది. నేర్చుకునే పిల్లలకు ఆ వారం సెలవులు, వదిన చూడాల్సిన ముక్కలేవీ లేవు. గురువారం వర్క్‌షాపులో ప్రవేశ పరీక్ష. పాసైతే అక్కడ చేరుతుంది. తప్పితే నోరెత్తకుండా యూనివర్సిటీ ఫారం మీద సంతకం పెడుతుంది. ఫారానికి ఆఖరి రోజు శుక్రవారం. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మా వదిన కన్నతండ్రినైనా సరే వెలుతురు కనిపిస్తే తప్పించేస్తుందని నా ధీమా.

పరీక్ష అంటే కాగితం కాదు. చేతిలో పట్టేంత ఉక్కుముక్క, ఒక ఆకురాయి, ఆరు గంటలు. నాలుగు పక్కలూ చదునుగా, నాలుగు మూలలూ సరిగ్గా రావాలి. ముక్క మీద పేరుండదు, నంబరే. సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి మంచినీళ్ల గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగింది. వేళ్లు వంగట్లేదు. ముఖం మాత్రం పండగలా ఉంది.

గంట తరవాత వదిన వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. సంచిలోంచి చిన్న చీటీ తీసి అమ్మాయి ముందు పెట్టింది.

“పద్నాలుగు మంది పరీక్షకొచ్చారు. ఒక్కరూ పాసవలేదు. నా సర్వీసులో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఈ కాలం పిల్లల చేతుల్లో పట్టు లేదు.”

నేను ఎగిరి గంతెయ్యాలి కదా. నా మాటే నెగ్గింది కదా. ఏం చెప్పమంటారు, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కూతుర్ని తప్పిస్తుందా?

“ఆరు గంటలు నిలబడింది వదినా. ఒక్క మూలయినా నీ కంటికి ఆనలేదా?”

“నేను చూసింది నంబర్లు. ఎవరిదేదో చీటీలు రాసేదాకా తెలీదు. తెలిసినా అదే రాసేదాన్ని.”

అమ్మాయి మా ఇద్దరినీ పట్టించుకోలేదు. ఒప్పందం ప్రకారం యూనివర్సిటీ ఫారం ముందు పెట్టుకుని పెన్ను తీసింది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. సంతకం పెట్టబోతూ ఆగి చీటీ మరోసారి చదివింది. పక్కలు చదును, నాలుగు మూలలా చివర్లో వెలుతురు, అని రాసి ఉంది.

“అత్తా, చివర్లో వెలుతురుందంటే ఆ మూల తొంభై కంటే తక్కువని కదా?”

“అవును.”

“నాలుగూ తక్కువేనా?”

“నాలుగూ.”

“అలా కుదరదత్తా.”

వదిన కనుబొమలు పైకి లేచాయి. ఆవిడతో కుదరదని అన్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. కుళాయి దగ్గర మా ఆయన చప్పుడు ఆగిపోయింది.

“పక్కలు చదునని నువ్వే రాశావు” అంది అమ్మాయి మెల్లగా. “చదునైన పక్కలు నాలుగుంటే నాలుగు మూలలూ కలిపి మూడొందల అరవై డిగ్రీలు రావాల్సిందే. ఒక మూల తగ్గితే ఇంకో మూల పెరగాలి. నాలుగూ తగ్గడానికి లేదు. నా చెయ్యి ఎంత చెడ్డదైనా అలాంటి ముక్క చెయ్యలేదు. మిగతా పదమూడు మందికీ ఏం రాశావు?”

వదిన చీటీ తనవైపు లాక్కుని చూసుకుంది. “అందరికీ అంతే” అంది.

“నీ మూలమట్టం ఒకసారి ఇస్తావా?”

ఆదివారం సంచి ఠంగుమనడం నాకు గుర్తొచ్చింది. వదిన గుడ్డ విప్పి మూలమట్టం ఇచ్చింది. అమ్మాయి చుట్టూ చూసి, చేతికందిన కాగితం తిరగేసి బల్ల అంచుకు సమంగా పెట్టింది. మూలమట్టం మందపాటి కాడను బల్ల అంచుకు ఆనించి, నిలువుగా ఒక గీత గీసింది. మూలమట్టాన్ని తిరగేసి, అటు వైపు నుంచి, అదే చోట మొదలుపెట్టి మరో గీత గీసింది. మూలమట్టం సరైనదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. అవి కింద కలిసి ఉన్నాయి, పైకి పోయేకొద్దీ విడిపోయాయి.

ఆ కాగితం యూనివర్సిటీ ఫారం అని నాకు అప్పుడు తెలిసింది.

వదిన ఆ రెండు గీతల్నీ చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ముఖం చూశాక నేనింక ఆగలేకపోయాను.

“ఆదివారం నీ సంచి నేనే తోశాను వదినా. నేల మీద పడింది. నీకు చెప్పలేదు.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వదిన మూలమట్టాన్ని మళ్లీ గుడ్డలో చుట్టింది.

“పడేసింది నువ్వు. చూసుకోనిది నేను” అంది. “పద్నాలుగు మందికీ ఒకే తప్పొస్తే, పిల్లల చేతుల్ని అనుమానించాను. నా చేతిలో ఉన్నదాన్ని అనుమానించలేదు. రేపు పొద్దున్నే ఇద్దరూ నాతో రండి.”

శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. వెళ్లేముందు మాత్రం కొత్త ఫారం ఒకటి మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? సాయంత్రం అయిదు దాకా గడువుంది.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. పాడైన ముక్క మీద దాన్ని పాడుచేసిన మనిషే ఎర్రరంగు పూసి, గేటు దగ్గర పలక మీద తన నంబరుతో రాయాలి. కొత్తగా చేరినవాళ్లకు వదిన మొదటి రోజు నేర్పేది అదే. ఫోన్లు చేసి పిలిపిస్తే పద్నాలుగు మంది పిల్లలూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లందరూ చూస్తుండగా వదిన తన గురువు ఇచ్చిన మూలమట్టానికి ఎర్రరంగు పూసింది. సుద్దముక్క తీసుకుని పలక మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: “నిన్న పద్నాలుగు ముక్కలు తప్పుగా పక్కన పెట్టాను. నా మూలమట్టం చూసుకోలేదు.” కింద తన నంబరు వేసింది. నేను కూడా రాయనా అని అడిగాను. నీకిక్కడ నంబరు లేదు కౌంటరమ్మా, పక్కకి జరుగు అంది. వర్క్‌షాపు వాళ్లు ఒక్కరు నవ్వితే ఒట్టు. ఆ క్షణాన ఆవిడ మా ఇంటి కోడలైనందుకు నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇన్నేళ్లలో ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

కొలతల గది ముసలాయన వేరే మూలమట్టంతో ముక్కలన్నీ మళ్లీ చూశాడు. తొమ్మిది మంది పాసయ్యారు. అయిదుగురికి నిజంగానే ఏదో ఒక మూల తేడా ఉంది. వాళ్లను మూడు నెలల తరవాత మళ్లీ రమ్మన్నారు. మా అమ్మాయి నంబరు పిలిచేసరికి మాత్రం వదిన వెళ్లి దూరంగా గోడవైపు తిరిగి నిలబడింది.

“ఇదీ పాసే” అన్నాడు ముసలాయన. “అసలు ఈ తప్పు పట్టుకున్నదెవరు?”

“మా మేనకోడలు” అంది వదిన గోడవైపు నుంచే. ఆ అమ్మాయికీ తనకూ చుట్టరికం ఉందని అప్పటిదాకా ఆవిడ అక్కడ ఎవరికీ చెప్పలేదు.

అమ్మాయి ముక్క పట్టుకుని నేరుగా వదిన దగ్గరికి నడిచింది.

“నువ్వు చూడత్తా.”

“ఆయన చూశాడుగా. నేను చూడకూడదు.”

“పాసైపోయాను కదా. ఇప్పుడు చూడు.”

వదిన ముసలాయన దగ్గర మూలమట్టం అడిగి తీసుకుంది. ముందు దాన్ని మూలలు కచ్చితంగా చెక్కిన పరీక్షరాయికి ఆనించి సరిచూసుకుంది. ఆ తరవాత ముక్కను కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసింది. ఒక మూల అయింది. రెండోది, మూడోది అయ్యాయి. నాలుగో మూల దగ్గర ఎంతసేపు ఉందో చెప్పలేను. నా సంచిలో యూనివర్సిటీ ఫారం ఉందన్న సంగతే మరిచిపోయాను.

“వెలుతురు లేదు” అంది వదిన.

నా కూతురు బొబ్బలెక్కిన చేతులతో ఆ ముక్క తీసుకుని నావైపు తిరిగింది. పదిహేడేళ్ల పిల్ల కాబట్టి చేరడానికి తల్లి సంతకం కావాలి. ముసలాయన పక్కనే కూర్చున్న కుర్రగుమాస్తా అప్రెంటిస్ ఫారం బల్ల మీద పెట్టి, గబగబా పేరు రాయబోయాడు.

“ఆగు నాయనా. ఆ ఫారం ఇటివ్వు, నేను నింపుతాను” అన్నాను. “ఇందులో ఒక్క కొట్టివేత కూడా ఉండకూడదు.”