రెండో సూది

నిన్న ఎమ్మిగనూరు బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె దగ్గర నీలగిరి తైలం వాసన గుప్పుమంది. మోకాళ్లకు గట్టిగానే పట్టించి వచ్చినట్టుంది. ఆ ఘాటు తగలగానే ఆదోనిలో సుగుణమ్మ డాక్టరమ్మ ఆసుపత్రి వరండా కళ్లముందు కదిలింది. కీళ్లనొప్పుల వాళ్లంతా అదే వాసనతో వచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్లు. నేను అక్కడ నర్సుగా చేరేనాటికి నాకు సూది వేయడం వచ్చు, మనిషిని చూడడం రాదు. అది ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

పెద్దవాళ్ల బాధను వెంట వచ్చినవాళ్లు చెబితే డాక్టరమ్మకు ఒళ్లు మండేది. ఒకసారి ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనివాడు తండ్రిని తీసుకొచ్చాడు. నాన్నకు మతి నిలవడం లేదని, ఏ రంగు పోగు వేయాలో మగ్గం మీదే మరిచిపోతున్నాడని, వయసు మీద పడింది కదా అని అంతా తనే చెప్పుకుపోతున్నాడు. డాక్టరమ్మ అతన్ని బయట కూర్చోమన్నారు. మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఆవిడ పెద్దాయన వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, నోరు తెరవమన్నారు. కణుపులూ వాచాయి, చిగుళ్లు వాచి చీము పట్టి ఉన్నాయి. నొప్పి అని చెబితే మగ్గం మీద నుంచి లేపేస్తారని భయపడి, ఆయన ఏళ్లుగా చిగుళ్లకు పొగాకు పొడి అదుముకుంటూ నెట్టుకొచ్చాడట.

పళ్ల డాక్టరు దగ్గరికి పంపి, కీళ్లకు మందు రాసి, కొడుకును లోపలికి పిలిచారు. "ఒంట్లో వాపు ఏండ్ల తరబడి ఉంటే మెదడుకు గూడా సెరుపు సేస్తాదని అంటాండారు. ఇది తగ్గితే పోయిన మతి తిరిగొస్తాదని మాత్రం నేను సెప్పను. నొప్పి తగ్గితే మీ నాయన నిద్రపోతాడు. అదన్నా ఇద్దామప్పా," అన్నారు. పెద్దాయన మతిమరుపు పూర్తిగా పోలేదు. కానీ తర్వాత వచ్చినప్పుడు తన మాట తనే చెప్పుకున్నాడు.

డాక్టరమ్మకూ పడుచువయసు నుంచి కీళ్లవాతం ఉంది. వేళ్లు వంకర తిరిగినా పని ఆపలేదు. అరవై దాటాక ఒక సాయంత్రం చేతులు వేడినీళ్లలో పెట్టుకుని నన్ను పిలిచారు. "రూతమ్మా, నా ఒంట్లో గూడా అదే వాపు ఉండాది. నా మతి తప్పితే ముందు తెలిసేది నీకే. సెప్పల్ల. నా మొగం సూసి దాసిపెట్టొద్దు," అన్నారు. సరేనన్నాను. అనడానికేం, తేలికే. తర్వాత ఆవిడకు పేర్లు తడబడడం మొదలైంది. ఎవరికి తడబడవులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు పత్తికొండ నుంచి ఒక అవ్వ వచ్చింది. డాక్టరమ్మ ఆమె జబ్బకు సూది వేశారు, నేను దూది అదిమాను. అవ్వ టమోటా ధర పడిపోయిన సంగతి చెబుతోంది. ఊకొడుతూనే డాక్టరమ్మ అదే మందు ఇంకో సీసా తీసి, సూదిలోకి ఎక్కించి, మళ్లీ అదే జబ్బ పట్టుకున్నారు. ఆ మందు రెండోసారి పడితే అవ్వ ప్రాణం మీదికి వస్తుంది. ఆపితే రోగి ఎదుట డాక్టరమ్మ పరువు పోతుంది. ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"ఇప్పుడే ఏసినారు డాక్టరమ్మా."

ఆవిడ అవ్వ జబ్బ మీది దూదిని చూశారు. మొహం పాలిపోయింది. నేను మాట మార్చబోతే చేత్తో వారించి, సూదిని ట్రేలో పెట్టారు. "అవ్వా, నేను మర్సిపోయినా. రూతమ్మ ఆపింది," అన్నారు. అంత పెద్ద డాక్టరు, అంత మామూలుగా. అవ్వ ఒక్క క్షణం బిత్తరపోయి, పొద్దున తలుపు వేసి వచ్చిందో లేదో తనకూ గుర్తులేదని నవ్వేసింది. ఆ రోజు నుంచి డాక్టరమ్మ ఎవరికీ మందు రాయలేదు. పాత రోగులను తనే పక్కవీధి కుర్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల బాధ వాళ్ల నోటనే చెప్పించేవారు. అంత ధైర్యం ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడావిడ చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. నన్ను ఒక్కోసారి గుర్తుపడతారు. నేను ఎమ్మిగనూరులో వేరే ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పొద్దున లేస్తే నా వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. అందుకే, నా మతి తప్పితే దాచకుండా చెప్పమని చిన్న నర్సు షబానాకూ చెప్పి ఉంచాను. పోయిన వారం ఒక పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఆ పిల్ల దగ్గరికొచ్చి, "అక్కా, ఈయప్పకు ఇప్పుడే సూసినావు," అంది. సరిచూస్తున్నానులే అన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. బీపీయే కదా, ఎవరికీ నష్టం లేదు. పెద్దాయన నా మొహంలోకే చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆ రోజు ఆ మాట అనడానికి ఎంత గుండె కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"మర్సిపోయినా పెద్దయ్యా," అన్నాను. "ఈ పాప ఆపింది."