మునెమ్మ బండి వెనక ఫ్లెక్స్

అది 2019. చెన్నై చూలైలో వీధుల ఫొటోలు తీయడం మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్లు. నేను చేసే పనిని సోషల్ డాక్యుమెంటరీ అంటారు. అంటే మామూలు మనుషుల మామూలు రోజులను ఫొటోల్లో భద్రం చేయడం. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, నా చూపు ఎప్పుడూ ఎగ్జిబిషన్ గోడ మీదే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ బండి మునెమ్మ మా మేడ మెట్లెక్కి వచ్చింది. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు వాళ్లు. మా సందు మూలలో ఆమె బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కని రోజు నేనెరుగను.

"పాపా, వీధి యాపారులకు కార్డులు ఇస్తా ఉండారంట. శానా ఏండ్లుగా ఈడనే ఉండానని సాక్ష్యం గావాలంట. లేకుంటే బండి తీసెయ్యాలంట."

"రేషన్ కార్డు ఉంది కదక్కా?"

"అది ఇంటికి గదా! బండికి యాడుంది? నువ్వు సుమ్మా, ఊరికే ఈడ తిరగతా నన్ను ఫోటో తీసినావే, అది ఇయ్యి."

ఆ ఫొటో నాకు ఒక బహుమతి కూడా తెచ్చిపెట్టింది. ముడతల చెయ్యి, ఇస్త్రీపెట్టె, పైకి లేస్తున్న ఆవిరి, చుట్టూ చీకటి. దాన్ని పట్టుకుని గర్వంగా ఆమెతో కార్డులిచ్చే కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరు అటూ ఇటూ తిప్పి చూసి, "చెయ్యి బాగుందమ్మా. కానీ ఎవరిది? ఏ వీధిది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేమీ కనబడలేదు. ముఖాన్ని కత్తిరించి, వీధిని చీకట్లో ముంచింది నేనే.

ఇంటికొచ్చి పాత కాంటాక్ట్ షీట్లు దించాను. ఒక ఫిల్మ్ రోల్లోని బొమ్మలన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద ప్రింటు వేస్తే అది కాంటాక్ట్ షీట్. పనికిరాని బొమ్మల మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొడతాం. మునెమ్మ అద్దాలు పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. మూడో షీటు మీద ఆమె వేలు ఆగింది.

"ఇదో, నేను!"

నిజమే. నవ్వుతున్న మునెమ్మ, బట్టల మూటలతో నిండిన బండి, వీధి పేరు బోర్డు. వెనక గోడకు ఇంత పొడవు ఫ్లెక్స్. నల్లకళ్లద్దాల మేనమామలు, మధ్యలో బోసినవ్వుల పసిపిల్ల, కింద చెవులు కుట్టే వేడుక తేదీ, 2008 అని సంవత్సరంతో సహా! ఆ ఫ్లెక్స్ నా ఫ్రేమును పాడుచేసిందని ఆరోజు ఎంత తిట్టుకున్నానో.

"మన సందులో సెల్వం బిడ్డ గదా ఇది! ఇప్పుడు హైస్కూలుకు పోతా ఉండాది" అంటూ మురిసిపోయింది. ఆ తర్వాత తన బొమ్మ మీది ఎర్ర గీతను గోటితో గీకి, "నన్నెందుకు కొట్టేసినావు పాపా? బాగనే ఉండాను గదా" అంది.

నిష్ఠూరమేమీ లేదు, ఊరికే అడిగింది. నాకు మాత్రం తలెత్తి ఆమె ముఖం చూడ్డానికి సిగ్గేసింది.

మర్నాడు ఆ ఫ్రేమును పెద్దది చేయించి తీసుకెళ్లాం. ఆఫీసరు ముందుకు వంగి వీధి పేరు చదివాడు, తేదీ చదివాడు, ఫొటోను ఫైల్లో పెట్టుకున్నాడు. కొన్ని వారాలకు కార్డు వచ్చింది. మునెమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి బండికి కట్టింది. ఆరోజు నా చీర ఇస్త్రీకి ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు ఎవరి ఫొటో తీసినా వెనకున్న గోడను అలాగే ఉండనిస్తాను. ఇన్నేళ్లూ మనిషిని ఆమె చోటు నుంచి విడదీసి, దాన్ని కళ అనుకున్నాను. మునెమ్మ నన్ను అడిగింది ఆ చోటునే.