యాభై అడుగుల పాట

కెనడాలో, మా ఎటోబికో ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఖమ్మం అమ్మాయి, ఏ పాట విన్నా బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకునేది. పాత కంప్యూటర్ ఆటల పాటలను ఫోన్‌లో మోగించే ప్రోగ్రాం ఆమె కాలేజీ ప్రాజెక్టు.

ఒకరోజు ఆమె, ఆమె జట్టులోని ఇద్దరబ్బాయిలు మా వంటింట్లోనే కొట్లాడుకున్నారు. ఆ పాటలు యూరప్ మిషన్ మీద కట్టినవి. సెకనుకు యాభై అడుగులు వేస్తాయి. వీళ్ల ప్రోగ్రాం ఇక్కడి మిషన్ లెక్కన అరవై వేయిస్తోంది.

"తేడా ఎవనికి తెలుస్తదే? అన్నీ మార్చాలంటే వారం పడ్తది. రేపే సబ్మిషన్," అన్నాడొకడు.

"అంకుల్, మీరు వినండి," అని ఆమె నన్ను పిలిచింది.

భజనల్లో హార్మోనియం వాయించినవాణ్ణి. పెట్టె తెచ్చి ఆ పాటకు శ్రుతి పట్టి చూశాను. లయ పరుగెత్తుతోంది, శ్రుతి రెండు మెట్ల మధ్య ఇరుక్కుంది. ఆమె ఒక్క పాటను యూరప్ మిషన్ లెక్కన యాభైకి మార్చింది. అది మెట్టు మీద కుదురుగా కూర్చుంది.

"అరే, ఇది మస్తుంది రా!" అన్నాడు రెండోవాడు.

మొదటివాడు నవ్వాడు. "అంకుల్‌కు అక్షరాలే మొన్న వచ్చినయ్. ఆయన మాటకు కోడ్ మారుస్తమా?"

"అక్షరాలు అరవై ఏళ్లకొచ్చాయిరా. చెవులు పుట్టుకతోనే ఉన్నాయి," అన్నాను.

అయినా ఇద్దరూ కలిసి తప్పుదే పంపారు. ఆమె ప్రాజెక్టులోంచి తన పేరు తీయించుకుంది.

"కోర్సు పోతుంది కదే, పిచ్చిదానా!" అని ఆమె మీదే అరిచాను.

"నా పేరు మీద అది మోగొద్దు అంకుల్," అంది. మరుసటి టర్మ్‌లో ఆ కోర్సు మళ్లీ మొదటినుంచి చదివింది.

రెండోవాడు ఇప్పటికీ బస్సులో కనిపిస్తే నమస్తే అంకుల్ అంటాడు. నేను పలకను. వినబడనివాడితో నాకు పేచీ లేదు. వీడు విన్నాడు.